మా అబ్బాయి గ్రావెన్‌బెర్క్ అవుతానంటున్నాడు, చదువు సంగతేంటి?

ప్రశ్న: మేం ఆరేళ్లుగా నెదర్లాండ్స్‌లో, ఆమ్స్టర్‌డామ్ పక్కనే ఉన్న ఆమ్స్‌టెల్‌వేన్‌లో ఉంటున్నాం. నాది ఐటీ ఉద్యోగం. మా అబ్బాయికి 15 ఏళ్లు, హావో (ఇక్కడి ఐదేళ్ల హైస్కూల్ కోర్సు) మూడో సంవత్సరం చదువుతున్నాడు, ఇక్కడి అమెచ్యూర్ ఫుట్‌బాల్ క్లబ్బులో మిడ్‌ఫీల్డర్. లివర్‌పూల్‌కి ఆడే ర్యాన్ గ్రావెన్‌బెర్క్ అంటే వాడికి పిచ్చి. ఇప్పుడున్న టీమ్‌లో ప్రతి మ్యాచ్ ఆడుతున్నా, ఆమ్స్టర్‌డామ్‌లో ఒక పెద్ద క్లబ్బుకి మారతానంటున్నాడు, అక్కడ బెంచ్ మీద కూర్చోబెట్టినా ఫర్వాలేదట. వాట్సాప్‌లో పరిచయమైన ఒక ఏజెంట్ 3500 యూరోలు కడితే జర్మనీలో ట్రయల్ ఇప్పిస్తానంటున్నాడు. మార్కులు తగ్గాయి. ప్రొఫైల్, అంటే పై తరగతుల్లో చదివే సబ్జెక్టుల గ్రూపు, ఎంచుకోవాల్సిన టైమ్ వచ్చింది, నేను నతూర్ ఎన్ టెక్నీక్ (సైన్స్, టెక్నాలజీ గ్రూపు) తీసుకోమంటుంటే వాడు అసలు చదువే మానేస్తానంటున్నాడు. ఇంట్లో రోజూ గొడవే. ఏం చేయమంటారు?

జవాబు: నమస్తే అండీ. ముందు ఆ 3500 యూరోల సంగతి తేల్చేద్దాం, మిగతావాటికి కాస్త టైముంది. కట్టకండి. ఒక కుర్రాణ్ణి నిజంగా చూడాలనుకున్న ప్రొఫెషనల్ క్లబ్బు తన స్కౌట్‌ని పంపి చూసుకుంటుంది, నచ్చితే మీ క్లబ్బుతో మాట్లాడి ట్రయల్‌కి పిలుస్తుంది, తల్లిదండ్రుల దగ్గర ఫీజు వసూలు చేయదు. పైగా 18 నిండని ఆటగాణ్ణి ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్బుకి రిజిస్టర్ చేయడాన్ని ఫిఫా నిషేధించింది. మినహాయింపులు ఉన్నాయి గానీ కొన్నే: కుటుంబం ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మారి ఉండాలి, లేదా ఇల్లూ క్లబ్బూ సరిహద్దుకి దగ్గర్లో ఉండాలి, లేదా యూరోపియన్ యూనియన్ లోపలే మారుతూ 16 నిండి ఉండాలి, అప్పుడు కూడా వాడి చదువు, వసతి బాధ్యత క్లబ్బే తీసుకోవాలి. మీవాడికి 15. మీరు ఆమ్స్‌టెల్‌వేన్‌లోనే ఉంటున్నారు. కాబట్టి ట్రయల్‌లో ఎంత అదరగొట్టినా ఆ క్లబ్బు ఇప్పుడు వాణ్ణి తీసుకోలేదు. ఆ మనిషిని ఫిఫా లైసెన్స్ నంబర్ అడగండి, మైనర్లతో పనిచేయాలంటే వేరే కోర్సు పూర్తి చేసి ఉండాలి, దాని కాగితం కూడా అడగండి. ఆ తర్వాత మెసేజ్‌లు రావడం ఆగిపోతే మీకు జవాబు దొరికినట్టే.

ఇక గ్రావెన్‌బెర్క్. ఆ పేరు వింటేనే మీకు చిరాకు వస్తోందని ఉత్తరం చదివితే తెలుస్తోంది, కానీ మీరిద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి విషయం నాకు తోచడం లేదు. మీవాడు ఫోన్‌లో చూసేది క్లిప్పులు. ఆ క్లిప్పుల మధ్య ఖాళీల్లో ఏం జరిగిందో మీరు వాడికి చెప్పాలి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

2002 మే 16న ఆమ్స్టర్‌డామ్‌లో పుట్టాడు, సురినామ్ మూలాలున్న కుటుంబం. జేబుర్గియా అనే అమెచ్యూర్ క్లబ్బులో ఆడుతూ 2010లో, అంటే ఎనిమిదేళ్లకి, ఆమ్స్టర్‌డామ్‌లోని పెద్ద ప్రొఫెషనల్ క్లబ్బు అయాక్స్ అకాడమీలో చేరాడు. 2018 సెప్టెంబర్ 23న పీఎస్‌వీతో మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగినప్పుడు వయసు 16 ఏళ్ల 130 రోజులు. అయాక్స్ తరఫున డచ్ లీగ్‌లో అంత చిన్న వయసులో అప్పటిదాకా ఎవరూ ఆడలేదు, ఆ రికార్డు అంతకుముందు క్లారెన్స్ సీడోర్ఫ్‌ది. మూడు రోజులకే కప్ మ్యాచ్‌లో గోల్ కూడా కొట్టాడు. ఇక్కడి దాకా మీవాడికి కంఠతా వచ్చే ఉంటుంది.

తర్వాత ఏమైందో అడిగి చూడండి. ఆ రికార్డు తర్వాత దాదాపు రెండు సీజన్లు అతను ఎక్కువగా ఆడింది యోంగ్ అయాక్స్‌కి, అంటే రెండో డివిజన్‌లో ఆడే కుర్రాళ్ల టీమ్‌కి. ఆ మ్యాచ్‌లు ఎక్కువగా సోమవారం రాత్రి, అకాడమీ ఉన్న డె టూకోమ్స్ట్‌లోని చిన్న గ్రౌండ్‌లో, కొద్దిమంది ప్రేక్షకుల ముందు జరుగుతాయి. ఎదురుగా ఉండేది జీతం కోసం, వచ్చే ఏడాది కాంట్రాక్ట్ కోసం ఆడే పెద్దవాళ్లు, 16 ఏళ్ల పిల్లాడని ఎవరూ భుజం పక్కకి తీయరు. ఈ మ్యాచ్‌ల క్లిప్పులు ఎవరూ పెద్దగా షేర్ చేయరు, కానీ అతను ఆటగాడయ్యింది అక్కడే అని నా నమ్మకం. అయాక్స్ మెయిన్ టీమ్‌లో చోటు గట్టిపడింది 2020-21లో. ఆ సీజన్, దాని తర్వాతి సీజన్ రెండూ అయాక్సే లీగ్ గెలిచింది.

2022 వేసవిలో, 20 ఏళ్లకి, జర్మనీ క్లబ్బు బయర్న్ మ్యూనిక్ సుమారు 18.5 మిలియన్ యూరోలిచ్చి ఐదేళ్ల కాంట్రాక్ట్‌తో తీసుకుంది. ఇంట్లో ఎవరైనా స్వీట్లు పంచుకునే వార్తే కదా? ఆ సీజన్ జర్మన్ లీగ్ బుండెస్‌లీగాలో 24 మ్యాచ్‌లు ఆడాడు, అందులో మొదటి పదకొండు మందిలో ఉన్నది మూడింటిలోనే. మిగతావన్నీ చివర్లో పదిహేను, ఇరవై నిమిషాలు. మిడ్‌ఫీల్డ్‌లో అతనికంటే ముందు కిమ్మిష్, గోరెట్స్కా లాంటివాళ్లు ఉన్నారు, సీజన్ మధ్యలో కోచ్ కూడా మారాడు. ఆ ఏడాది ఖతార్ ప్రపంచ కప్‌కి వెళ్లిన డచ్ టీమ్‌లో అతని పేరు లేదు. బయర్న్ లీగ్ గెలిచింది, మెడల్ మెడలో పడింది, ఆట మాత్రం ఏడాది వెనక్కి పోయింది.

2023 సెప్టెంబర్ 1న, ట్రాన్స్‌ఫర్లకి చివరి రోజున, సుమారు 40 మిలియన్ యూరోలకి లివర్‌పూల్ వెళ్లాడు. అప్పుడే అండర్-21 జాతీయ జట్టు పిలిస్తే, కొత్త క్లబ్బులో కుదురుకోవాలని వెళ్లలేదు, దానిమీద జాతీయ కోచ్ రోనాల్డ్ కూమన్ బహిరంగంగానే అసంతృప్తి చెప్పాడు. ఆ నిర్ణయం ఒప్పా తప్పా అంటే, దేశం పిలిస్తే వెళ్లాల్సిందేనని నా అభిప్రాయం, కానీ ఏడాది బెంచ్ మీద కూర్చున్న 21 ఏళ్ల కుర్రాడికి ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో కూడా అర్థమవుతుంది. లివర్‌పూల్‌లో మొదటి సీజన్ కూడా ఏమంత సాఫీగా లేదు, లీగ్‌లో సగం మ్యాచ్‌ల్లో కూడా మొదటి నుంచి ఆడలేదు. 2024 యూరో కప్‌కి టీమ్‌లో ఉన్నాడు, ఒక్క నిమిషం కూడా ఆడలేదు.

ఆ వేసవిలో లివర్‌పూల్‌కి ఆర్నె స్లాట్ కోచ్‌గా వచ్చాడు. డిఫెన్స్ ముందు ఆడే స్థానానికి రియల్ సోసియెదాద్ నుంచి మార్టిన్ జుబిమెండిని తేవాలనుకున్నారు, అతను రానన్నాడు. అప్పుడు ఆ స్థానం గ్రావెన్‌బెర్క్‌కి ఇచ్చారు. లీగ్‌లో 38 మ్యాచ్‌లకి 37 ఆడాడు. లివర్‌పూల్ 2024-25 ప్రీమియర్ లీగ్ గెలిచింది, అతనికి ఆ సీజన్ బెస్ట్ యంగ్ ప్లేయర్ అవార్డు వచ్చింది.

ఆ సీజన్ మ్యాచ్ ఏదైనా ఒకటి మీరిద్దరూ కలిసి చూడండి, ఒక ఇరవై నిమిషాలు బంతిని వదిలేసి అతన్నొక్కణ్ణే చూడండి. డిఫెండర్ పాస్ ఇవ్వబోయే ముందే అతను భుజం మీదుగా ఒకసారి ఇటు, ఒకసారి అటు వెనక్కి చూస్తాడు. బంతి వచ్చేటప్పుడు నేరుగా నిలబడడు, ఒళ్లు సగం తిప్పి ఉంచుతాడు. వెనక నుంచి ప్రత్యర్థి దూసుకొస్తున్నా బంతిని ఆపకుండా, తన ముందు నుంచి దూరం కాలి వైపు జారనిస్తాడు, ఆ ఒక్క కదలికతో మీదకొచ్చినవాడు వెనకబడిపోతాడు, ముందు మైదానం ఖాళీగా ఉంటుంది. ఇది ప్రాక్టీస్‌లో కోన్‌ల మధ్య కొంతవరకే వస్తుంది. ఎప్పుడు తిరగాలి, ఎప్పుడు తిరగకుండా వెనక్కి ఇచ్చేయాలి అన్నది మ్యాచ్‌లో బంతి పోగొట్టుకుని, గోల్ తిని, మళ్లీ వచ్చే వారం అదే స్థానంలో నిలబడితేనే ఒంటికి పడుతుంది. ఈత నేర్చుకునేవాడు గట్టు మీద ఎంతసేపు కూర్చున్నా ప్రయోజనం ఏముంటుంది?

అందుకే ఏ కుర్రాడి విషయంలోనైనా నేను మొదట అడిగేది వారానికి ఎన్ని నిమిషాలు ఆడుతున్నాడు, ఏ స్థానంలో ఆడుతున్నాడు అనే. జెర్సీ మీద ఏ పేరుందన్నది ఆ తర్వాత. మీవాడు ఇప్పుడు ప్రతి మ్యాచ్ ఆడుతున్నాడు, దాన్ని వదిలేసి బెంచ్ కోసం మారడం అంటే తన హీరో 20 ఏళ్లప్పుడు పోగొట్టుకున్న ఏడాదిని 15 ఏళ్లకే కోరి తెచ్చుకోవడం. మారకూడదని కాదు. ఆ పెద్ద క్లబ్బు ట్రైనర్‌ని కలిసి, వాణ్ణి ఏ టీమ్‌లోకి తీసుకుంటారు, మిడ్‌ఫీల్డ్‌లో వాడి ముందు ఎంతమంది ఉన్నారు, ఎంతసేపు ఆడిస్తారు అని సూటిగా అడగండి. డచ్ వాళ్లు ఇలాంటివి అడిగితే ఏమీ అనుకోరు, మొహమాటం లేకుండా జవాబు చెప్తారు. జవాబు సరిగ్గా రాకపోతే ఇంకో ఏడాది ఇక్కడే ఉండమనండి.

ఇంకో ఇద్దరి గురించి కూడా వాడికి చెప్పండి. గ్రావెన్‌బెర్క్ అన్న డాంజెల్, 1994లో పుట్టాడు, అతనూ అయాక్స్ అకాడమీలోనే పెరిగాడు. అదే ఇల్లు, అదే అకాడమీ. అతను డోర్‌డ్రెహ్ట్, ఇంగ్లండ్‌లో రీడింగ్, బెల్జియంలో రూసెలారె లాంటి క్లబ్బులకి ఆడాడు. అది ఓటమి అని నేననను, ఆటతో బతకగలగడమే చాలామందికి దక్కదు, కానీ ఇద్దరి దారులూ ఎంత వేరుగా పోయాయో చూడండి. రెండోవాడు టిజాని రైండర్స్, 1998లో జ్వోలెలో పుట్టాడు. 18 దాటినా పెద్ద పేరేమీ లేదు, సూపర్‌మార్కెట్‌లో కూడా పనిచేశాడు. 2017లో అల్క్‌మార్‌లోని ఏజడ్ క్లబ్బుకి వెళ్లి, 2020లో కొన్నాళ్లు వాల్‌వైక్‌కి లోన్ మీద ఆడి, 2023లో ఏసీ మిలాన్, 2025లో మాంచెస్టర్ సిటీ. జాతీయ జట్టుకి మొదటి మ్యాచ్ 2023 సెప్టెంబర్‌లో, 25 ఏళ్లకి. 15 ఏళ్లకే అకాడమీలో లేనంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదని వాడు తెలుసుకోవాలి, మీరు కూడా.

పాస్‌పోర్ట్ సంగతి మీ ఉత్తరంలో లేదు గానీ అడిగి తీరాల్సిన విషయం. యూరోపియన్ యూనియన్ బయటి ఆటగాణ్ణి పనిలోకి తీసుకోవాలంటే డచ్ క్లబ్బు చాలా పెద్ద జీతం ఇవ్వాల్సిందే, 20 నిండినవాళ్లకైతే ఏడాదికి లక్షల యూరోల్లోనే, 18, 19 ఏళ్లవాళ్లకి అందులో సగం. చిన్న క్లబ్బులు ఆ మొత్తం పెట్టలేవు. మీ కుటుంబ పర్మిట్ మీద ఉన్నవాడికి ఇది ఎంతవరకు వర్తిస్తుందో ఇమిగ్రేషన్ లాయర్ దగ్గర ఒకసారి రాతపూర్వకంగా తెలుసుకోండి. మీకు ఐదేళ్లు దాటాయి కాబట్టి డచ్ పౌరసత్వం ఆలోచన వచ్చే ఉంటుంది, అది తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది, విదేశీ పౌరసత్వం ఉన్న భారతీయ మూలాలవాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డుతో ఇండియా జాతీయ జట్టుకి ఆడనివ్వరు. వాడి మనసులో ఏ జెర్సీ ఉందో కూడా అడగండి.

చదువు మానేస్తాననడం ఇక్కడ కుదిరే పనే కాదు. నెదర్లాండ్స్‌లో 16 దాకా బడి తప్పనిసరి, ఆ తర్వాత కూడా 18 దాకా, హావో గానీ, వేవేఓ (యూనివర్సిటీకి దారితీసే హైస్కూల్ కోర్సు) గానీ, ఎంబీఓ (వృత్తి విద్య) రెండో స్థాయి గానీ డిప్లొమా చేతిలో పడేదాకా చదవాల్సిందే. అయాక్స్ అకాడమీ పిల్లలకీ ఇదే చట్టం. గుర్తింపు పొందిన యువ క్రీడాకారులకైతే టైమ్‌టేబుల్ సర్దుబాటు చేసే ప్రత్యేక స్కూళ్లు ఉన్నాయి, మీవాడు ఏదైనా ప్రొఫెషనల్ అకాడమీలో చేరిన రోజున అవి పనికొస్తాయి.

ప్రొఫైల్ విషయంలో మాత్రం మీరు కాస్త తగ్గాలండీ. నతూర్ ఎన్ టెక్నీక్‌లో లెక్కలు బి (కష్టమైన రకం లెక్కలు), ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ మోయాలి. ఇప్పుడే మార్కులు జారుతున్నవాడి నెత్తిన మీ కోరిక కోసం అవి పెడితే, ఆటా చదువూ రెండూ పోయి, హావో నాలుగులో ఫెయిలై ఇంట్లో కూర్చుంటాడు. నతూర్ ఎన్ హెజోంత్‌హైత్ (సైన్స్, ఆరోగ్యం గ్రూపు) తీసుకోనివ్వండి, బయాలజీ, కెమిస్ట్రీ ఉంటాయి, లెక్కల్లో కాస్త తేలికైన ఎ తీసుకోవచ్చు. తన కండరాలు, తన మోకాలు ఎలా పనిచేస్తాయో చదవడం ఆటగాడికి విసుగనిపించదు. రేపు ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ సంబంధమైన హెచ్‌బీఓ (వృత్తి డిగ్రీ) కోర్సులకి అదే దారి, ఐసీటీ, అంటే ఐటీ చదువుల దారి కూడా మూసుకుపోదు. ఆట నిలబడితే ఆమ్స్టర్‌డామ్ హోహెస్కూల్‌లో (హెచ్‌బీఓ డిగ్రీలిచ్చే కాలేజీ) క్రీడాకారుల కోసమే నడిచే యోహాన్ క్రాయిఫ్ అకాడమీ ఉంది, ఆడుతూ డిగ్రీ చేసుకోవచ్చు.

మొత్తం నెదర్లాండ్స్‌లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్బులు 34. అందులో చోటు దొరికినా ముప్పై అయిదేళ్లకి ఆట అయిపోతుంది, ఇక్కడ ఆటగాళ్ల జీతంలో కొంత భాగం దాచిపెట్టి రిటైరయ్యాక నెలనెలా ఇచ్చే ఫండ్ పెట్టింది కూడా అందుకే. ఈ సంగతి వాణ్ణి భయపెట్టడానికి వాడొద్దు, ప్రొఫెషనల్ అంటే ఇవన్నీ లెక్కేసుకునేవాడని తెలియడానికి చెప్పండి.

మీరు వాడి మ్యాచ్ చివరిసారి ఎప్పుడు చూశారో ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈ శనివారం వెళ్లండి. ఎన్ని నిమిషాలు ఆడాడు, ఏ స్థానంలో ఆడాడు, బంతి వచ్చే ముందు వెనక్కి చూస్తున్నాడా లేదా, రాసుకోండి. మ్యాచ్ అయ్యాక కారులో సలహాలేం ఇవ్వకండి, వాడినే చెప్పనివ్వండి. వాడి స్కూల్ రిపోర్టు, ఈ కాగితం రెండూ నాకు పంపితే, ప్రొఫైల్ ఫారం ఇచ్చే లోపు సబ్జెక్టులు ఒక్కొక్కటిగా చూసి చెప్తాను.