నీ వ్యాసంలో మనుషులేరి తమ్ముడూ

తమ్ముడూ,

ఐరిష్ భాషలో రాసిన ఐర్లండ్ రచయిత మార్టీన్ ఓ కైన్ జీవితం మీద నువ్వు రాసి పంపిన 14 పేజీలూ రాత్రి ఏకబిగిన చదివేశా. ఆయన కరా అనే నిర్బంధ శిబిరంలో ఉండి తోటి ఖైదీలకి ఐరిష్ నేర్పిన భాగం బాగా రాశావు, అక్కడ గొంతు పట్టేసింది. కానీ మూడో పేజీలో వాళ్ళమ్మ చేత "మన భాషామతల్లిని కాపాడు నాయనా" అనిపించావు చూడూ, అక్కడే ఒళ్ళు మండింది. ఐర్లండ్ పడమటి కొసన ఐరిష్ మాట్లాడే కానెమారాలో, ఆయన ఊరు స్పిడాల్ దగ్గర ఆ రాళ్ళ నేలలో బతికే ఏ తల్లి అలా మాట్లాడుతుంది? ఆవిడకది భాషామతల్లి కాదు, నోట్లో మాట. బంగాళాదుంపలు ఉడికాయా, పక్కింటివాడు హద్దు జరిపాడా, అన్నీ అందులోనే.

నేను ముప్పై ఏళ్ళుగా మొత్తుకుంటున్నది ఒకటే, భాషని పొగిడితే బతకదు, ఆ భాష మాట్లాడే మనిషికి కూడూ నేలా ఉంటే బతుకుతుంది. ఓ కైన్‌కి ఇది తెలుసు. అందుకే ఆయనా ఆయనతో తిరిగిన వాళ్ళూ ప్రభుత్వాన్ని అడిగింది సన్మానాలు కాదు, భూమి. 1935లో కానెమారా నుంచి 27 కుటుంబాల్ని తూర్పున మీత్ కౌంటీకి (అక్కడి జిల్లా లాంటిది) తెచ్చి రా కార్న్ అనే చోట మంచి సాగునేల ఇచ్చారు. చుట్టూ ఇంగ్లిష్ ఊళ్ళు, మధ్యలో వీళ్ళు. ఆ ఊరిని ఐరిష్ మాట్లాడే ప్రాంతంగా గుర్తించడానికి మాత్రం 1967 దాకా పట్టింది. దీన్ని ఒక్క లైన్లో తేల్చేసి, ఆయన డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ప్రొఫెసర్ అయిన సంగతికి పేజీన్నర ఇచ్చావేంటయ్యా?

ఐఆర్ఏ అనే ఐరిష్ సాయుధ దళంలో ఉన్నాడని ఓ కైన్‌ని 1936లో టీచర్ ఉద్యోగం పీకేశారు. గోర్కీ కథొకటి ఫ్రెంచ్‌లో చదివి, ఇలాంటివి మావాళ్ళ మీద నేనూ రాయగలను కదా అనుకున్నాడట. 1949లో వచ్చిన ఆయన నవల 'క్రే నా కిలె' చూడు, మొత్తం శ్మశానంలో శవాల మాటలే. కత్రీనా అనే ఆవిడ చచ్చి మట్టిలో పడుకుని కూడా మొట్టమొదట ఆరా తీసేది, నన్ను ఖరీదైన పౌండు ప్లాట్లో పూడ్చారా, అంతకన్నా చవకైన పదిహేను షిల్లింగుల ప్లాట్లోనా అని! చెల్లెలు నెల్ మీద పగ చచ్చినా చావలేదు. కొత్త శవం దిగితే చాలు, పైన ఊళ్ళో కబుర్లేంటని మీద పడిపోతారు. తిట్లు, అప్పులు, కుళ్ళు. ఐరిష్‌కి ఇంతకన్నా ఎవరేం చేశారు చెప్పు.

నా సంగతీ విను. నా మూడో కథ, తోడికోడళ్ళు బోరింగు దగ్గర కొట్టుకోవడం మీద రాశా. పత్రిక పేరెందుకుగానీ, అక్కడి ఎడిటర్ గారు మా ఉత్తరాంధ్ర మాటంతా దిద్దేశారు. "ఏటి సేత్తాం" పోయి "ఏమి చేయగలం" అయింది, "నీ జిమ్మడ" తీసేసి "నీకిది మంచిది కాదు" అని పెట్టారు. మా అమ్మకి చదువు రాదు, అచ్చయిన కథ పక్కన కూర్చుని చదివి వినిపించా. చేటలో బియ్యం ఏరుతూ విని, చెయ్యి ఆపి, "ఎవుల్దిరా ఈ కత, మనూరిది కాదు గదా" అంది. ఆ పత్రిక ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో అడుగున ఉంది, మళ్ళీ తెరవలేదు. ఇప్పుడైతే మాండలికం ఫ్యాషనైపోయింది, ఊరెప్పుడూ చూడనివాళ్ళు కూడా నాలుగు యాస మాటలు చల్లి పంపిస్తున్నారు, అది ఇంకో బాధ.

ఏ పత్రికకి పంపాలి, పోటీకి పెట్టొచ్చా అని అడిగావు, అవి తర్వాత చూద్దాం. ముందు ఆ తల్లి డైలాగ్ కొట్టెయ్. రా కార్న్‌లో ఆ కుటుంబాలు సామాన్లతో దిగిన రోజు నుంచి మొదలుపెట్టి మళ్ళీ రాయి. సంక్రాంతికి ఊరెళ్తున్నా, ఈలోపు పంపితే ట్రైన్‌లో చదువుతా.