ఓడ చిన్న కూతురిది

ప్రశ్న: మేడమ్, అంతరిక్ష సాహస నవల రాస్తున్నాను. ఆడవాళ్లు ఏలే గ్రహం, ఒకే నావికుణ్ణి ప్రేమించిన అక్కాచెల్లెళ్లు. కత్తియుద్ధాలు చాలా పెట్టాను, అయినా కథ కదలడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: కత్తులు పక్కన పెట్టి, ముందు ఆ ఇంట్లో ఆస్తి ఎవరిదో తేల్చుకోండి బాబూ. మేఘాలయలోని ఖాసీ తెగవాళ్లను చూడండి. వాళ్లలో వంశం తల్లి పేరున నడుస్తుంది. తల్లి ఇల్లు ఆనవాయితీగా చిన్న కూతురికి వస్తుంది. ముసలి తల్లిదండ్రుల బాధ్యతా ఆమెదే. భర్త అత్తింటికే వచ్చి ఉంటాడు. పెద్ద కూతుళ్లు వేరు కాపురాలు పెట్టుకుంటారు. అలాగని పెత్తనమంతా ఆడవాళ్లది కాదు. మేనమామ మాటకు చాలా బరువుంది, ఊరి దర్బారుల్లో, అంటే ఊరి సభల్లో, సంప్రదాయంగా కూర్చునేది మగవాళ్లే.

ఇప్పుడు మీ కథకు రండి. ఇంటికి బదులు అంతరిక్ష ఓడ అనుకోండి. ఓడ చెల్లెలిది, కానీ ఆమె దాన్ని వదిలి పోవడానికి వీల్లేదు. అక్క చేతిలో చిల్లిగవ్వ లేదు, ఎక్కడికైనా పోగలదు. నావికుడు చెల్లెల్ని చేసుకుంటే జీవితాంతం అత్తగారి వంటగది పక్కన బతకాలి; అక్కతో వెళితే నిలువ నీడ ఉండదు. అసలు టెన్షన్ అక్కడుంది.

మీ ఉత్తరంలో మేనమామే లేడు, నాకదే పెద్ద లోటనిపించింది. మొదటి సీన్ ఆయనకివ్వండి. చెల్లెలు పెళ్లి మాట ఎత్తగానే, తమలపాకుకు సున్నం రాస్తూ, ఆ అబ్బాయిది ఏ వంశమని అడగాలి. ఖాసీల్లో ఒకే వంశంలో పెళ్లి ఘోరమైన తప్పు.