మా ఆయన మీద నేను సాక్ష్యం చెప్పాలా?

ప్రశ్న: కాలువ నీళ్ల దగ్గర మా ఆయనకీ పక్క పొలం వాళ్లకీ గొడవైంది. అవతలి మనిషి తల పగిలి ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ రాత్రి మా ఆయన ఆలస్యంగా ఇంటికొచ్చి, చొక్కా విప్పేసి తలస్నానం చేశారు. అన్నం తింటూ జరిగిందంతా నాకు చెప్పారు. నన్నూ సాక్షిగా వేస్తామని ఎస్సై గారు అంటున్నారు. పెళ్లాం సాక్ష్యం చెల్లదని మా మరిది ధైర్యం చెప్తున్నాడు. అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకుదీ అదే మాట. చొక్కా అటక మీద ఉంది, కాల్చేయమని మా అత్తగారు ఒకటే పోరు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, తెనాలి దగ్గర

జవాబు: అమ్మా, ముందు ఆ చొక్కా జోలికి ఎవరినీ వెళ్లనివ్వకండి. మన చట్టంలో ఒక వింత ఉంది. నేరం చేసిన భర్తకు భార్య ఇంట్లో చోటిచ్చి దాచినా, దాచినందుకు ఆమెకు శిక్ష లేదు. ఆయన్ని కాపాడాలని తెలిసీ చొక్కా కాల్చేస్తే మాత్రం సాక్ష్యం మాయం చేసిన నేరం. దానికి భార్యాభర్తల మినహాయింపు లేదు. అత్తగారికి ఈ ముక్క చదివి వినిపించండి.

ఇక మీ మరిది మాట. భార్య సాక్ష్యం చెల్లదన్నది సినిమా కోర్టు. క్రిమినల్ కేసులో ముద్దాయి భార్య కూడా సాక్షే. సమన్లు వస్తే వెళ్లాలి. మీ పిన్ని కొడుకు చెప్పింది అమెరికా వరకు నిజమే. అక్కడి ఫెడరల్ (కేంద్ర) క్రిమినల్ కోర్టుల్లో భర్త మీద సాక్ష్యం చెప్పనని భార్య అనొచ్చు, 1980లో వాళ్ల సుప్రీంకోర్టు ఆ నిర్ణయం ఆమెకే వదిలేసింది. తెనాలి కోర్టులో అది పనికిరాదు.

మన దగ్గర రక్షణ ఉన్నది మాటలకి. కాపురంలో ఉండగా ఆయన మీతో చెప్పింది బయటపెట్టమని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయకూడదు. మీరే చెప్పాలనుకున్నా ఆయన ఒప్పుకోనిదే కోర్టు చెప్పనివ్వదు. రేపు విడాకులైనా ఆ మాటలకు ఇదే రూలు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 122వ సెక్షన్, దాని బదులు 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం భారతీయ సాక్ష్య అధినియంలో 128. ఆయన మిమ్మల్నే కొట్టిన కేసైతే, లేదా మీ ఇద్దరి మధ్యే దావా అయితే ఇది వర్తించదు.

కళ్లతో చూసిందానికి ఆ రక్షణ లేదు. 1954లో ఉత్తరప్రదేశ్ హత్య కేసు ఒకటి సుప్రీంకోర్టుకు వచ్చింది. భర్త చీకటితోనే ఇంటి కప్పు మీంచి దిగడం, గడ్డి కొట్లోకి వెళ్లడం, స్నానం చేసి మళ్లీ ధోవతి కట్టుకోవడం భార్య చూసింది. అవన్నీ చెప్పొచ్చంది కోర్టు. నగలు ఎక్కడివో ఆయన ఆమెతో అన్న మాట మాత్రం కుదరదంది. మీ విషయంలోనూ అంతే. ఎన్నింటికి వచ్చారు, చొక్కా ఎలా ఉంది, స్నానం చేశారా అని అడిగితే నిజం చెప్పాలి. అన్నం దగ్గర ఆయన చెప్పింది అడిగితే చెప్పక్కర్లేదు. నేను ప్రాక్టీసు చేసే రోజుల్లో పీపీ గారు (ప్రభుత్వం తరఫు వకీలు) “అప్పుడు మీ ఆయన ఏమన్నాడమ్మా?” అనగానే డిఫెన్సు వకీలు లేచి నిలబడేవాడు. ఆ వకీలు లేవకపోతే మీరే “అది మా ఇద్దరి మధ్య మాటండీ” అని జడ్జి గారి వైపు చూడండి.

ఒక్క జాగ్రత్త. ఈ కట్టడి మీ నోటికే. ఆయన మీకు పంపిన వాట్సాప్ మెసేజ్ ఇంకో దారిలో కోర్టుకు చేరితే ఈ సెక్షన్ దాన్ని ఆపుతుందని నమ్మకం పెట్టుకోకండి. భర్త రాసిన ఉత్తరాలు మామగారి చేతికి చేరిన పాత కేసులో సుప్రీంకోర్టు అలాగే తేల్చింది.

వాంగ్మూలం కోసం మిమ్మల్ని స్టేషన్‌కి రమ్మనకూడదు, వాళ్లే మీ ఇంటికి రావాలి. పోలీసులు రాసుకున్న దాని మీద సంతకం పెట్టక్కర్లేదు. మేజిస్ట్రేట్ ముందు ఇచ్చేది వేరు, అక్కడ సంతకం ఉంటుంది. అందుకే ముందుగా ఒక వకీలుతో మాట్లాడండి, అదీ మీ ఆయన వకీలు కాకుండా. ఆయన చూసుకునేది మీ ఆయన కేసు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.