ఓరియన్ కేఎల్ మ్యాప్‌లో తప్పేమీ లేదు

ఆల్మా రేడియో టెలిస్కోపు ఆర్కైవ్ నుంచి ఓరియన్ కేఎల్ (ఓరియన్ మేఘంలో నక్షత్రాలు పుట్టే చోటు) సీఓ (కార్బన్ మోనాక్సైడ్) డేటా తీసి మ్యాప్ వేస్తే ఎరుపు (మన నుంచి దూరమయ్యే వాయువు), నీలం (మన వైపు వచ్చేది) కలగాపులగంగా వచ్చాయి, రెండు వైపులా చిమ్మే ధార ఎక్కడ అని అడిగారు కదా. టెన్షన్ పడకండి, అక్కడి పెద్ద సీఓ ప్రవాహం అలాంటి ధార కాదు. మనకు కనిపించే లెక్కలో సుమారు 500 ఏళ్ల కిందట పేలుడు జరిగింది, బీఎన్, సోర్స్ ఐ అనే రెండు యువ నక్షత్రాలు ఇప్పటికీ ఒకే చోటు నుంచి చెరో దిక్కుకూ పరుగెడుతున్నాయి.

అన్ని వేగాలూ కలిపేయకుండా ఛానల్ మ్యాపులు (ఒక్కో వేగానికి ఒక్కో మ్యాపు) వేయండి. మేఘం వేగం సెకనుకు 9 కి.మీ. దగ్గర ఉంటుంది, ఆ చుట్టుపక్కల ఛానళ్లు వదిలేయండి, పెద్ద నిర్మాణాలు ఆల్మా లాంటి ఇంటర్‌ఫెరోమీటర్‌కు (అనేక యాంటెన్నాలు కలిపిన టెలిస్కోపుకు) అందక అక్కడ నెగటివ్ గుంటలు పడతాయి. అటూ ఇటూ సెకనుకు 100 కి.మీ. దాటేదాకా చూడండి. బయటికి చిమ్మిన ఒక్కో వాయు పాయ వెంట కేంద్రం నుంచి దూరం పెరిగేకొద్దీ వేగమూ అదే నిష్పత్తిలో పెరిగితే అదే పేలుడు గుర్తు. హాట్ కోర్ (అక్కడి వేడి, దట్టమైన వాయు ముద్ద) మీద మాత్రం వేరే అణువుల గీతలు సీఓలా కనిపించి బోల్తా కొట్టిస్తాయి, జాగ్రత్త.