రైలు కట్టకు ‘పడక’ పేరు తగునా?

సందేహం: బ్రాడ్‌గేజి రైలుమార్గాన్ని 87వ వంతు కొలతలో నమూనాగా చేస్తున్నాను. దాని పక్కన పెట్టే పలకమీద ‘పట్టాల పడక’, ‘గులకరాళ్లు’, ‘మురుగు కాలువ’ అని రాయవచ్చునా?

సమాధానం: పడక వద్దు. రైలు కట్ట అని జనం నోట నానిన మాట ఉండగా, ‘ట్రాక్ బెడ్’ వంటి ఇంగ్లీషు పదాన్ని ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కకు తెలుగు అతికించే అలవాటు ఈమధ్య మితిమీరుతున్నది; అది నాకు బొత్తిగా రుచించదు. కట్టు ధాతువు నుంచి పుట్టిన ‘కట్ట’ సంతతి ఎంత పెద్దదో చూడండి: చెరువు కట్ట, ఏటి కట్ట, కరకట్ట, 1852లో ధవళేశ్వరం దగ్గర పూర్తయిన ఆనకట్ట. ఈ చివరిదానికి తోడబుట్టిన తమిళ ‘అణైక్కట్టు’ ఇంగ్లీషువారి నోట ‘అనికట్’ అయింది. కోపం కట్టలు తెంచుకున్నది అనేటప్పుడూ మన మనసులో మెదిలేది నిండిన నీరే. నోట్ల కట్టలోని కట్టకు మోపు అని అర్థం. గట్టు దగ్గరి మాటే గాని కొండనూ గట్టే అంటాం. మనుషులు మట్టి పోసి ఎత్తినదానికి కట్టే తగినది.

అయితే చెరువు కట్ట నీటిని ఆపాలి, రైలు కట్ట నీటిని నిలవనీయకూడదు. అందుకే దాని పైభాగాన్ని చదును చేయక, నడుమ నుంచి అంచులకు ముప్పై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇస్తారు. ఒంటి మార్గపు కట్టకు పై వెడల్పు 7.85 మీటర్లు కనుక మీకు 90 మిల్లీమీటర్లు వస్తుంది. పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెల (స్లీపర్ల) అడుగున 300 మిల్లీమీటర్ల కంకర మందం మూడున్నర మిల్లీమీటర్లకు దిగుతుంది.

గులకరాళ్లు అనడం పొరపాటు. అవి ఏటిలో దొర్లి నునుపు తేలినవి, ఒకదానిపై ఒకటి జారిపోతాయి. పట్టాల కింద పరిచేది క్వారీలో పగలగొట్టిన, అంచులు దేరిన, 20 నుంచి 65 మిల్లీమీటర్ల కంకర. ఆ మాట సంస్కృత ‘కర్కర’కు చుట్టం. మీరు మూడు మిల్లీమీటర్ల రాయి పరిస్తే అసలు మార్గంలో పావు మీటరు బండ పరిచినట్లే; ముక్కాలు మిల్లీమీటరు దాటనివ్వకండి.

ఇక మురుగు అంటే నిలిచి కుళ్లిన నీరు, పట్టాల పక్కన పారేది వాననీరు. కాబట్టి ‘పక్క కాలువ’ మేలని నా అభిప్రాయం. కానీ డెల్టా రైతులు పొలంలోని అదనపు నీటిని తీసే కాలువనూ మురుగు కాలువే అంటారు కనుక, మీ మాట తప్పని తీర్పు చెప్పలేను. పేరు ఏదైనా, గట్టు తొలిచి వేసిన మార్గానికి రెండు పక్కలా దాన్ని చూపండి. ఎత్తైన కట్టమీద నీరు వాలు వెంబడే దిగిపోతుంది గనుక అక్కడ అక్కరలేదు.