సగటు కొలతలతో కుర్చీ చేస్తే అందరికీ సరిపోతుందా?

ఇదీ మీరడిగిన ప్రశ్న. సరిపోదండీ. నేను చేసి చూశాను, అదీ మా అమ్మ మీద.

అమ్మది ఏళ్ల తరబడి జాకెట్లు కుట్టే పని, మోటారు మిషన్. నడుం పట్టేస్తోందంటే, డిజైన్ చదివే రోజుల్లో టేకు స్టూలు ఒకటి చేసిచ్చాను. సగటు లెక్కన ఎత్తు 18 అంగుళాలు, వెనక వీపు ఆన్చుకోవడానికి వంపు తిరిగిన పలక. చూడముచ్చటగా వచ్చింది. పండక్కి ఇంటికెళ్తే ఏముంది, వీధి చివరి వడ్రంగి చేత ముందు కాళ్లు రెండూ అంగుళంన్నర కోయించేసింది! వీపు పలకకేమో టేపు, కుట్టాల్సిన బట్టలు వేలాడుతున్నాయి. కొడుకు చేశాడు కదా అని నాతో ఒక్క మాటా అనలేదు.

ఆ పూటంతా పక్కన కూర్చుని ఆమె పని చూశాను. నేల నుంచి ఆమె మోకాలి మడత దాకా 15 అంగుళాలే. నా స్టూలు అంచు తొడల కింద ఒత్తి కాళ్లు తిమ్మిరెక్కేవట. పైగా సూది మీద చూపు పెట్టినవాళ్లు ముందుకే వంగుతారు, వెనక్కి ఆనేది టీ తాగేటప్పుడే. సీటు కాస్త ముందుకు వాలితే తుంటి మరీ ముడుచుకోదు, నడుం దాని వంపులో అది నిలబడుతుంది. నాకిది క్లాసులో చెప్పారు, అమ్మ రంపంతో కనిపెట్టింది. మెడ నొప్పికి మాత్రం స్టూలుతో పనే లేదు. నల్ల బట్ట మీద నల్ల దారం కనబడక వంగేది. సూది పక్కన చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టాక తల లేచింది.

సగటు సంగతికొస్తే, 1950లో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్లను కొలిచింది. అక్కడి పరిశోధకుడు గిల్బర్ట్ డేనియల్స్ అందులో 10 కొలతలు తీసి చూస్తే, పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాడు ఒక్కడూ తేలలేదు. అందుకే పాదం నేలకు ఆనాల్సిన చోట, చెయ్యి అందాల్సిన చోట పొట్టివాళ్ల కొలత తీసుకోండి. తలా మోకాళ్లూ పట్టాల్సిన చోట పొడుగువాళ్లది. మనవాళ్ల కొలతలతో అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ 1997లో పుస్తకమే వేసింది, లైబ్రరీలో అడగండి.

కొన్ని పనులకైతే ఏ కుర్చీ వేసినా లాభం లేదు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారి అమ్మ లక్ష్మి గారు పోచంపల్లి చీరలకు ఆసు పోసేవారు, అంటే నేతకు ముందు దారాన్ని కొయ్యల చుట్టూ చేత్తో తిప్పి అమర్చేవారు. ఒక్కో చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. భుజం అరిగిపోతుంటే పీట మారిస్తే ఏం ఒరుగుతుంది? 1999లో ఆయన ఆ తిప్పే పనినే యంత్రానికి అప్పజెప్పారు.

ఇంతకీ మీ కుర్చీలో ఎవరు కూర్చుంటారు, కూర్చుని ఏం చేస్తారు? అది రాయలేదు మీరు. చెప్తే ఎత్తు గురించి మాట్లాడుకుందాం.