నెట్‌వర్కింగ్ కోర్సుకు డబ్బు కట్టే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆన్‌లైన్‌లో కంప్యూటర్ నెట్‌వర్కింగ్ నేర్చుకోవడం గురించే ఉన్నాయి. ఒకే తీరున ఉన్నవాటిని కలిపి ఐదు ప్రశ్నలుగా ఇస్తున్నాను.

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, ఏడాదిగా మా ఊళ్లో కేబుల్ ఇంటర్నెట్ ఇచ్చే ఆపరేటర్ దగ్గర పనిచేస్తున్నాను. ఫైబర్ అతకడం, ఇళ్లలో రౌటర్లు పెట్టడం వచ్చు. నెట్‌వర్క్ ఇంజనీరు కావాలని ఉంది. ఒక ఆన్‌లైన్ శిక్షణ సంస్థ వారు సీసీఎన్ఏ, సీసీఎన్‌పీ, ఫైర్‌వాల్, క్లౌడ్ అన్నీ కలిపి ఆరు నెలల్లో నేర్పి, నూటికి నూరు శాతం ఉద్యోగం చూపిస్తామంటున్నారు. ఫీజు 65 వేలు, వాయిదాల్లో కట్టవచ్చట. చేరమంటారా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఈ ప్యాకేజీలో చేరవద్దు. ఆ నాలుగూ పనికిరానివని కాదు. రౌటర్లు తయారుచేసే సిస్కో సంస్థ ఇచ్చే తొలి మెట్టు ధ్రువపత్రం సీసీఎన్ఏ, దాని పై మెట్టు సీసీఎన్‌పీ. సీసీఎన్ఏ ఒక్కటే, ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి, శ్రద్ధగా చదివితే అయిదారు నెలలు పడుతుంది. అదే కాలంలో నాలుగూ పూర్తి చేస్తామన్నవారు ఏ ఒక్కదాన్నీ లోతుగా చెప్పలేరు.

ఏ కోర్సునైనా తూచడానికి మీ దగ్గర తూకపురాయి ఉండాలి. సీసీఎన్ఏ విషయంలో అది సిస్కో సంస్థ తన సైట్‌లో ఉచితంగా ఉంచిన పరీక్షాంశాల పట్టిక. 200-301 అనే ఈ పరీక్షలో నెట్‌వర్క్ మౌలికాంశాలకు 20 శాతం, స్విచ్చింగ్ తదితర నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20, రౌటింగ్‌కు 25, ఐపీ సేవలకు 10, భద్రతకు 15, ఆటోమేషన్‌కు 10 శాతం వెయిటేజీ ఉంది. ఆ పట్టికను ప్రింటు తీసి, శిక్షణ సంస్థ వారి పాఠ్యప్రణాళిక పక్కన పెట్టి, ఏ అంశానికి ఎన్ని గంటలు కేటాయించారో అడగండి. 2020 ఫిబ్రవరి 24న సిస్కో తన పాత సీసీఎన్ఏ శాఖల్లో చాలావాటిని కలిపి ఈ ఒక్క పరీక్షగా మార్చింది. అంతకు ముందు తీసిన వీడియోలనే పేరు మార్చి అమ్ముకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఫ్రేమ్ రిలే అనే పాతబడిన పద్ధతి మీద వారం రోజుల పాఠాలు కనిపిస్తే అది పాత సరుకని అర్థం. 2024 ఆగస్టులో సిలబస్ మరోసారి సవరించినప్పుడు ఆటోమేషన్ సాధనాల్లో పప్పెట్, షెఫ్ పోయి, యాన్సిబుల్‌కు తోడు టెర్రాఫామ్ వచ్చి చేరింది. కాబట్టి ఆటోమేషన్ పాఠంలో ఇంకా పప్పెట్, షెఫ్ గురించే చెబుతున్న కోర్సు ఆ తేదీకి ముందుదే అయి ఉంటుంది.

దానికన్నా పెద్ద పరీక్ష డెమో క్లాసులో పెట్టవచ్చు. డెమోలో ఎవరైనా స్లయిడ్లు చూపించి, అన్నీ సవ్యంగా నడిచే ల్యాబ్ ఒకటి చూపిస్తారు. మీరు మర్యాదగా ఒక కోరిక కోరండి: రెండు రౌటర్ల మధ్య ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారుల వివరాలు పంచుకునే పద్ధతి) పెట్టి, ఒక రౌటర్‌లో మాత్రం హలో టైమర్‌ను (‘ఉన్నాను’ అని పక్క రౌటర్‌కు కబురు పంపే విరామాన్ని) 10 సెకన్ల నుంచి 5 సెకన్లకు మార్చి, ఏమవుతుందో చూపించమనండి. ఆ మార్పు చేసిన 40 సెకన్లలోపు రెండు రౌటర్ల పొరుగు సంబంధం తెగిపోతుంది. ‘షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్’ అని కొడితే ఖాళీగా కనిపిస్తుంది. చిత్రమేమిటంటే, ఒక రౌటర్ నుంచి పక్క రౌటర్‌కు పింగ్ (అవతలివైపు అందుతోందా అని చూసే చిన్న సందేశం) మాత్రం యథావిధిగా వెళ్తుంది. వాటి వెనకాల ఉన్న నెట్‌వర్కులకు మాత్రమే దారి తెలియకుండా పోతుంది. అప్పుడు ‘షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ ఇంటర్‌ఫేస్’ కమాండ్ ఇచ్చి, రెండు వైపులా టైమర్లు పక్కపక్కన పెట్టి తేడా పట్టి చూపించగలిగిన గురువు దగ్గర మీ డబ్బు వృథా కాదు. ‘అది తరవాతి మాడ్యూల్లో వస్తుంది’ అన్నవారికి నమస్కారం పెట్టి బయటికి రండి. నెట్‌వర్క్ ఇంజనీరుకు జీతం ఇచ్చేది నడుస్తున్నదాన్ని చూస్తూ కూర్చోవడానికి కాదు, ఆగిపోయినదాన్ని నడిపించడానికి. అది నేర్పని కోర్సు ఎంత చవకైనా ఖరీదే.

ఇక నూరు శాతం ఉద్యోగం అన్న మాట. దాన్ని కాగితం మీద రాసి ఇమ్మనండి. రాతలో చాలాసార్లు అది ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’గా మారిపోతుంది, అంటే మీ రెజ్యూమే నాలుగు చోట్లకు పంపడం, అంతే. వాయిదాల సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. మీ పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా నుంచి ప్రతి నెలా డబ్బు తీసుకునే అనుమతి అడిగారంటే, అది ఫీజు వాయిదా కాక, ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరిట ఇస్తున్న అప్పు కావచ్చు. సంస్థకు ఫీజు మొత్తం ముందే ముట్టిపోతుంది. రెండో నెలలో మీరు కోర్సు మానేసినా వాయిదా ఆగదు, కట్టకపోతే మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఒప్పందంలో అప్పు ఇచ్చేవారి పేరు ఎవరిదో చదవకుండా ఫోన్‌లో ఓటీపీ చెప్పవద్దు.

మరి ఏం చేయాలి? మొదటి మూడు నెలలు ఫీజు కట్టకుండానే చదవండి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే నిజమైన రౌటర్లు లేకుండానే ల్యాబులు చేయనిచ్చే ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది. యూట్యూబ్‌లో జెరెమీస్ ఐటీ ల్యాబ్ వారి సీసీఎన్ఏ పాఠాలు ల్యాబులతో సహా మొత్తం ఉచితం. సిద్ధాంతం లోతుగా కావాలనుకుంటే ఐఐటీ ఆచార్యులు చెప్పే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉన్నాయి. అయితే అవి కాలేజీ పాఠాల తరహావి. కమాండ్లు కొట్టడం నేర్పడం వాటి పని కాదు. పైగా చాలామందికి లేని సదుపాయం మీకుంది. మీ ఆపరేటర్ ఆఫీసులో ఓఎల్‌టీ (ఇళ్లకు వెళ్లే ఫైబర్ లైన్లు వచ్చి కలిసే పరికరం) ఉంటుంది, బహుశా మైక్రోటిక్ కంపెనీ రౌటర్ కూడా ఉంటుంది. వినియోగదారుల్ని వేర్వేరు వీలాన్‌లలో (ఒకే స్విచ్ మీద విడదీసిన నెట్‌వర్కులలో) ఎందుకు పెట్టారో, పీపీపీఓఈ లాగిన్ (వినియోగదారుడు పాస్‌వర్డ్‌తో లైన్‌లోకి వచ్చే పద్ధతి) ఏ పరికరం దగ్గర ముగుస్తుందో మీ సీనియర్‌ను అడిగి తెలుసుకోండి. పుస్తకంలో వీలాన్ చదివినవాడికి, నడుస్తున్న లైన్‌లో దాన్ని చూసినవాడికి ఇంటర్వ్యూలో తేడా రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మూడు నెలల తర్వాత కూడా ఎక్కడైనా చిక్కుకుపోతే, అప్పుడు ప్రత్యక్షంగా పాఠం చెప్పే, మీరు పంపిన ల్యాబ్ ఫైలు తెరిచి తప్పు ఎక్కడుందో చూపే చిన్న కోర్సుకు డబ్బు పెట్టండి. మిగిలినది పరీక్షకు దాచండి. సీసీఎన్ఏ పరీక్ష రుసుము 300 డాలర్లు, దానిపై పన్ను అదనం. వ్యవధి 120 నిమిషాలు. ధ్రువపత్రం మూడేళ్లు చెల్లుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి తెలుగు మీడియంలో చదివి బీకాం పూర్తి చేసింది. నెట్‌వర్కింగ్ నేర్చుకుంటానంటోంది. తెలుగులో చెప్పే ఆన్‌లైన్ కోర్సులో చేర్పిస్తే ఉపయోగం ఉంటుందా? బీకాం వాళ్లకు ఈ పరీక్ష రాయనిస్తారా?
— ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: రాయనిస్తారమ్మా. సీసీఎన్ఏకు ఫలానా డిగ్రీ ఉండాలన్న నిబంధన లేదు. తెలుగులో వినడం వల్ల నష్టం లేదు సరికదా, మొదట్లో మేలే. ఉదాహరణకు 192.168.10.0/26 అన్నది కంప్యూటర్ల చిరునామాలను భాగాలుగా పంచే, చాలామందిని భయపెట్టే లెక్క. దాన్ని ఇలా చెప్పవచ్చు. మన దగ్గర 256 గజాల స్థలం ఉంది. దాన్ని 64 గజాల చొప్పున నాలుగు సమానమైన ప్లాట్లు చేశాము. మొదటి ప్లాటు 0 నుంచి 63 వరకు, రెండోది 64 నుంచి 127 వరకు, మూడోది 128 నుంచి 191 వరకు, నాలుగోది 192 నుంచి 255 వరకు. ప్రతి ప్లాటులోనూ మొదటి గజం ఆ ప్లాటు పేరుకు, చివరి గజం అందరికీ ఒకేసారి కబురు చెప్పడానికి వదిలేస్తే, కట్టుకోవడానికి మిగిలేది 62 గజాలు. ఒక్కో ప్లాటులో, అంటే సబ్‌నెట్‌లో, 62 కంప్యూటర్లకు చిరునామాలు ఇవ్వవచ్చన్నమాట. వెంచర్లలో ప్లాట్ల బేరం చూసిన ఇళ్లలో ఈ మాట ఇట్టే అర్థమవుతుంది.

కానీ పరీక్ష తెలుగులో లేదు, రౌటర్‌కూ తెలుగు రాదు. అందుకని పాఠం తెలుగులో విన్నా, నోట్సు ఇంగ్లీషులో రాసుకోమనండి. తెలుగు కోర్సు ఎంచుకునేటప్పుడు, గురువు సాంకేతిక పదాలను ఇంగ్లీషులోనే పలుకుతూ వివరణ మాత్రం తెలుగులో ఇస్తున్నారా, వారం వారం ఇంగ్లీషు ప్రశ్నలతో పరీక్ష పెడుతున్నారా అని చూడండి. ఈ రెండూ లేని కోర్సులో మీ అమ్మాయికి అంతా అర్థమైనట్టే ఉంటుంది, ప్రశ్నపత్రం ముందు మాత్రం తడబడుతుంది.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీయే. కోర్సువారు 16 జీబీ కావాలంటున్నారు. పాత సిస్కో రౌటర్లు కూడా కొనుక్కోమంటున్నారు. కొనాలా?
— ఒక విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: ఇప్పుడే ఏదీ కొనవద్దు. ప్యాకెట్ ట్రేసర్ 4 జీబీ ర్యామ్ మీద కాస్త నెమ్మదిగానైనా నడుస్తుంది. సీసీఎన్ఏ స్థాయికి అది చాలు. జీఎన్ఎస్3, ఈవీఈ-ఎన్‌జీ వంటి పెద్ద ల్యాబ్ సాఫ్ట్‌వేర్లకు ఎక్కువ ర్యామ్ కావాలన్నది నిజమే కానీ వాటి అవసరం సీసీఎన్‌పీకి వెళ్లినప్పుడు వస్తుంది. మేము నేర్చుకున్న రోజుల్లో అమీర్‌పేటలోని ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క రౌటర్ ముందు పదిమందిమి వంతుకోసం కూర్చునేవాళ్లం. ఆ కాలంలో పాత రౌటర్ ఇంటికి తెచ్చుకున్నవాడు అదృష్టవంతుడే. ఇప్పుడది కరెంటు బిల్లు, ఫ్యాను చప్పుడు తప్ప పెద్దగా ఇచ్చేదేమీ ఉండదు.

ప్రశ్న: షార్జాలో హెల్ప్‌డెస్క్ ఉద్యోగం చేస్తున్నాను. ‘పాస్ గ్యారంటీ’ అంటూ ఒక కోర్సువారు నిజమైన పరీక్ష ప్రశ్నలే ఇస్తామంటున్నారు. తోటివారు కొందరు అలాగే పాసయ్యారు. తప్పా?
— ఒక పాఠకుడు

జవాబు: వాటినే డంప్స్ అంటారు. పరీక్షకు ముందు మీరు అంగీకరించే ఒప్పందానికి అవి విరుద్ధం. తేలితే ధ్రువపత్రం రద్దవుతుంది, మళ్లీ రాయకుండా నిషేధమూ పడవచ్చు. తప్పొప్పులు పక్కన పెట్టినా, హెల్ప్‌డెస్క్ నుంచి నెట్‌వర్క్ బృందంలోకి మారాలనుకునే మీకు అసలు చిక్కు ఇంటర్వ్యూలో ఎదురవుతుంది. ‘ఒకే వీలాన్‌లోని రెండు కంప్యూటర్లకు పింగ్ వెళ్తోంది, వేరే వీలాన్‌కు వెళ్లడం లేదు, మొదట ఏం చూస్తావు?’ అని అడిగితే బట్టీ పట్టిన జవాబుల్లో అది దొరకదు. డిఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్‌వర్కులకు దారి చూపే రౌటర్ చిరునామా) సరిగా ఉందా, ట్రంక్‌లో (చాలా వీలాన్‌లను కలిపి మోసే లైన్‌లో) ఆ వీలాన్‌ను అనుమతించారా, రౌటర్ సబ్‌ఇంటర్‌ఫేస్‌కు (రౌటర్ పోర్టులో ఒక్కో వీలాన్‌కు విడదీసిన భాగానికి) వీలాన్ నంబరు సరిగ్గా ఇచ్చారా అని వరసగా చెప్పగలగాలి. ఆ వరస ల్యాబులోనే చేతికి వస్తుంది.

ప్రశ్న: 40 వేలు కట్టి చేరాను. ప్రత్యక్ష తరగతులన్నారు, పాత రికార్డింగులు పెడుతున్నారు. డబ్బు తిరిగి ఇవ్వమంటే ఫోన్ ఎత్తడం లేదు. ఆఫీసు బెంగళూరులో ఉంది. ఏం చేయగలను?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మొదట ఫోన్లు మానేసి ఈమెయిలులో రాయండి. ఏ తేదీన ఏం చెప్పారు, ఏం ఇచ్చారు, ఎంత తిరిగి కావాలి అన్నది స్పష్టంగా రాసి, జవాబుకు పదిహేను రోజుల గడువు ఇవ్వండి. ప్రకటన, వాట్సాప్ సందేశాలు, చెల్లింపు రసీదు, రికార్డింగులపై కనిపించే పాత తేదీలు స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. జవాబు రాకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు కనుక బెంగళూరు వెళ్లనక్కరలేదు. మీరు చెల్లించినది అయిదు లక్షల లోపే కాబట్టి కమిషన్‌కు రుసుమూ లేదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. చేరేటప్పుడు ఫైనాన్స్ కంపెనీ ద్వారా కట్టి ఉంటే, ఆ కంపెనీకి కూడా అదే ఈమెయిలు ప్రతి పంపడం మరవకండి.